జెల్ అడుగున దొరికిన సంగతి: ఆర్‌ఎన్‌ఏ పిచికారీ వార్తలపై ఒక ఉత్తరం

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆర్‌ఎన్‌ఏ జోక్యం (జంటపోగు ఆర్‌ఎన్‌ఏ సాయంతో ఒక జన్యువు నోరు నొక్కడం) గురించి తెలుగులో ఏ వ్యాసం వచ్చినా కథ ఒక్కచోటే మొదలవుతుంది. ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగులోకి జంటపోగు ఆర్‌ఎన్‌ఏ ఎక్కించి 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో చూపిన ప్రయోగం, దానికి 2006లో వచ్చిన నోబెల్. అక్కడి నుంచి కలం నేరుగా ఇదే సూత్రంతో చేసి 2018లో అమెరికాలో అనుమతి పొందిన పాటిసిరాన్ మందు మీదికి దూకుతుంది. ఆఖరి పేరాలో ‘రేపు పంటల వైరస్‌లకూ ఇదే పిచికారీ’ అని ఒక ముక్క పడుతుంది. నోబెల్ పొందినవారి గొప్పను తగ్గించే ఉద్దేశం మాకు లేదు. మా పేచీ అంతా ఆ ఆఖరి ముక్కతోనే. దాన్ని మిరప, బొప్పాయి, వేరుశనగ వేసేవాళ్లు చదువుతారు. పిచికారీ ఏ మేరకు పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అనే సంగతులు ఒక మొక్కల వైరాలజిస్టు ముప్ఫై ఏళ్ల పనిలో దాదాపు అన్నీ ఉన్నాయి. ఆయన డేవిడ్ బాల్‌కోంబ్. మన వ్యాసాల్లో ఆ పేరు అరుదుగా కనిపిస్తుంది.

వివరాలు క్లుప్తంగా. 1952లో ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో పుట్టారు. లీడ్స్‌లో వృక్షశాస్త్రం చదివి, ఎడిన్‌బరోలో పీహెచ్‌డీ చేశారు. కెనడాలోని మెక్‌గిల్, అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయాల్లో కొంతకాలం పనిచేసి, 1980లో కేంబ్రిడ్జ్‌లోని ప్లాంట్ బ్రీడింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. 1988 నుంచి 2007 దాకా నార్విచ్‌లోని సెయిన్స్‌బరీ లేబొరేటరీలో ఉన్నారు. అసలు పనంతా అక్కడిదే. తర్వాత కేంబ్రిడ్జ్‌లో వృక్షశాస్త్ర ఆచార్యులయ్యారు. 2008లో, నులిపురుగుల్లో చిన్న ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌లతో కలిసి లాస్కర్ బహుమతి, 2010లో వుల్ఫ్ బహుమతి అందుకున్నారు. ఆంబ్రోస్, రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ వచ్చింది. మొక్కల వాళ్లం ఈ లెక్క మనసులో పెట్టుకున్న మాట నిజమే. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

ఆయన ఈ దారి పట్టేనాటికి శాస్త్రవేత్తలందరి చూపూ ప్రొటీన్ మీదే ఉంది. వైరస్ జన్యువునొకదాన్ని మొక్కలో పెడితే ఆ వైరస్‌కే మొక్క లొంగకుండా పోతుందన్న ఆలోచన 1985లో వచ్చింది. 1986లో రోజర్ బీచీ బృందం పొగాకు మొజాయిక్ వైరస్ పైతొడుగు జన్యువును పొగాకులో పెట్టి దాన్ని నిజం చేసి చూపింది. మొక్కలో తయారైన పైతొడుగు ప్రొటీన్ వైరస్‌ను అడ్డుకుంటోందని అనుకున్నారు. 1987లో బాల్‌కోంబ్, ఆయన సహచరులు దోస మొజాయిక్ వైరస్‌కు తోకలా వెంట వచ్చే ఒక చిన్న ఉపగ్రహ ఆర్‌ఎన్‌ఏను పొగాకులో పెట్టినా రక్షణ దొరికింది. ప్రొటీన్‌కు సూచన కాని ఆర్‌ఎన్‌ఏతో కూడా పని జరుగుతుందనడానికి అదొక తొలి గుర్తు. తర్వాత పొటాటో వైరస్ ఎక్స్ తనను తాను నకలు చేసుకోవడానికి వాడే రెప్లికేజ్ జన్యువును మొక్కల్లో పెట్టారు. కొన్ని మొక్కలు వైరస్‌ను అసలు దరిచేరనివ్వలేదు. తీరా చూస్తే వింత ఏమిటంటే, పెట్టిన జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ తక్కువగా కనిపించే మొక్కలే ఎక్కువ గట్టిగా నిలిచాయి. మందు మోతాదు తగ్గేకొద్దీ జబ్బు నయమైనట్టు ఉంది లెక్క. అదే రోజుల్లో అమెరికాలోని ఒరెగాన్‌లో విలియం డొహర్టీ బృందం ప్రొటీన్‌గా మారే వీలు లేకుండా కోడ్ చెడగొట్టిన వైరస్ జన్యువుతో కూడా రక్షణ వస్తుందని 1992లో చూపింది. అంటే అడ్డుకుంటున్నది ప్రొటీన్ కాదు. ఆర్‌ఎన్‌ఏలోని అక్షరాల (న్యూక్లియోటైడ్ల) వరుస.

1996లో బాల్‌కోంబ్ బృందం దీనికి వేసిన పరీక్ష చాలా పొందికైనది. ‘గస్’ అనే బ్యాక్టీరియా జన్యువుకూ పొటాటో వైరస్ ఎక్స్‌కూ ఏ చుట్టరికమూ లేదు. కొన్ని పొగాకు మొక్కల్లో గస్ జన్యువు పెట్టాక అది తనంతట తానే మూగబోయింది, అంటే పనిచేయడం మానేసింది. ఇప్పుడు వైరస్ జన్యువులోకి గస్ ముక్కొకటి కుట్టి ఆ మొక్కల మీద వదిలారు. మామూలు వైరస్ పెరిగింది, గస్ ముక్క మోస్తున్న వైరస్ పెరగలేదు. మొక్క వైరస్‌ను గుర్తుపట్టలేదు. తన దగ్గర అప్పటికే నోరు నొక్కిన అక్షరాల వరుసను గుర్తుపట్టింది.

ఇక్కడే రైతుకు పనికొచ్చే మొదటి సంగతి ఉంది: అక్షరాలు కలవకపోతే రక్షణ లేదు. హవాయిలో డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం పైతొడుగు జన్యువుతో తయారుచేసి, 1998లో రైతులకు ఇచ్చిన ‘రెయిన్‌బో’ బొప్పాయి అక్కడి రింగ్‌స్పాట్ వైరస్‌కు బ్రహ్మాండంగా నిలిచింది. హవాయి బయటి వైరస్ రకాలను పరీక్షించి చూస్తే వాటిలో చాలావాటికి లొంగిపోయింది. వైరస్ పేరు ఒకటే, అక్షరాల్లో తేడా పది ఇరవై శాతం దాకా ఉంటుంది. అనంతపురం, కడప తోటల్లో ఉన్న వైరస్ నుంచి వరుస తీయకుండా, ఎక్కడో కూర్చిన ఆర్‌ఎన్‌ఏను తెచ్చి కొట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. పిచికారీ అమ్మేవారిని అడగాల్సిన తొలి ప్రశ్న కూడా ఇదే: ఇది ఏ ప్రాంతంలో, ఏ ఏడాది సేకరించిన వైరస్ వరుసతో చేసింది?

1997లో ఇంకో చిక్కుముడి విడింది. వైరస్ సోకిన కొన్ని మొక్కల్లో కింది ఆకులు ఘోరంగా మచ్చలు పడి, పైన వచ్చే కొత్త ఆకులు శుభ్రంగా ఉండడం 1928 నుంచీ తెలిసిన సంగతే. దీన్ని ‘కోలుకోవడం’ అనేవారు, కారణం తెలియదు. టమాట బ్లాక్ రింగ్ వైరస్ సోకి కోలుకున్న అడవి పొగాకు పై ఆకులు అదే వైరస్‌ను మళ్లీ రానివ్వవనీ, ఆ వైరస్ ముక్కను మోసే వేరే వైరస్‌ను కూడా అడ్డుకుంటాయనీ బాల్‌కోంబ్ బృందం చూపింది. మొక్కలో మనిషి పెట్టిన జన్యువేదీ లేదు. కాబట్టి జన్యువును మూగబోయేలా చేయడం ప్రయోగశాలలో పుట్టిన వింత కాదు, వైరస్‌ల మీద మొక్క ఎప్పటినుంచో చేసుకుంటున్న కాపలా అని తేలింది.

అప్పుడు మిగిలింది ఒక్క ప్రశ్న. అక్షరాలు పోల్చి చూసేది ఏది? వైరస్ ఆర్‌ఎన్‌ఏకు అద్దంలా ఉండే ఎదురుపోగు ఆర్‌ఎన్‌ఏ ఏదో ఉండాలని అందరూ ఊహించారు, వెతికారు, దొరకలేదు. ఎందుకు దొరకలేదన్నదే ఈ కథలో అన్నిటికంటే నేర్చుకోవాల్సిన భాగం. మన విశ్వవిద్యాలయాల్లో ఈ పని చేసే విద్యార్థులు ఇప్పటికీ అక్కడే తప్పులు చేస్తుంటారు కనుక కొంచెం వివరంగా రాస్తున్నాం.

మొక్క నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏను శుభ్రం చేయడానికి లిథియం క్లోరైడ్ పోస్తే పొడుగు ఆర్‌ఎన్‌ఏ అడుగుకు దిగుతుంది, పొట్టివి పైతేటలో ఉండిపోతాయి. ఆ పైతేట సింకులోకి పోతుంది. మామూలు సిలికా కాలమ్ కిట్ వాడితే 200 అక్షరాల లోపువి కడుగునీళ్లతో పాటే జారిపోతాయి. ఈ రెండూ తప్పించుకుని 1.2 శాతం అగరోజ్ జెల్ (ఆర్‌ఎన్‌ఏ ముక్కలను కరెంటుతో నడిపి పొడవు వారీగా విడదీసే జిగురు పలక) మీదికి ఎక్కినా, పొట్టి ఆర్‌ఎన్‌ఏ పరుగు పెట్టి జెల్ చివర దాటి బఫర్‌లో కలిసిపోతుంది. ఫిల్మ్ మీద ఏమీ కనబడదు. ‘ఎదురుపోగు లేదు’ అని నోటుబుక్కులో రాసుకుంటారు.

ఆండ్రూ హామిల్టన్, బాల్‌కోంబ్ ఈ పద్ధతినే తిరగేశారు. పొడుగు ఆర్‌ఎన్‌ఏను పాలీఇథిలీన్ గ్లైకాల్, ఉప్పు కలిపి దించేసి, మిగిలిన తేటను దాచుకున్నారు. దాన్ని యూరియా కలిపిన చిక్కటి పాలీఅక్రిలమైడ్ జెల్ మీద నడిపారు. పరీక్షకు తీసుకున్నవి నాలుగు రకాల మొక్కలు: పండు మాగించే ఏసీసీ ఆక్సిడేజ్ జన్యువు మూగబోయిన టమాట, గస్ మూగబోయిన పొగాకు, పచ్చగా మెరిసే జెల్లీ చేప ప్రొటీన్ జన్యువు మూగబోయిన బెంథామియానా (పొగాకుకు చుట్టమైన మొక్క), పొటాటో వైరస్ ఎక్స్ సోకిన మామూలు బెంథామియానా. జన్యువు మూగబోయిన మొక్కల్లో, వైరస్ సోకిన మొక్కల్లో సుమారు 25 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పట్టీ కనిపించింది. అదే జన్యువు పెట్టినా మూగబోని టమాటల్లో లేదు. రెండు పోగులవీ, అంటే సూటివీ ఎదురువీ, ఉన్నాయి. 1999 అక్టోబరులో ‘సైన్స్’ పత్రికలో ఈ పని వచ్చింది. పట్టుమని మూడు పేజీలు లేని ఆ వ్యాసం తర్వాతే జంతు కణాల్లోనూ ఇంత పొట్టి ఆర్‌ఎన్‌ఏ కోసం వేట జోరందుకుంది. నులిపురుగు ప్రయోగం జంటపోగు ఆర్‌ఎన్‌ఏ మూలమని చెప్పింది. దాని నుంచి పుట్టి గురి చూసే పనిముట్టు ఏదో చెప్పింది ఈ మొక్కల ప్రయోగం.

పొడవు అంతే ఎందుకంటే లెక్క చూడండి. 21 అక్షరాలతో కూర్చగల వరుసలు 4 లక్షల కోట్లకు పైనే. ఒక జన్యువును మిగతావాటి నుంచి వేరుచేసి పట్టడానికి అది చాలు. కణం నుంచి పక్క కణానికి ఉన్న సన్నని దారుల్లోంచి దూరిపోవడానికీ అడ్డంకి కాదు. తర్వాత 2002లో అదే బృందం ఆ పట్టీ ఒకటి కాదు, రెండు రకాలని తేల్చింది. ఇప్పుడు వాటిని 21-22, 24 అక్షరాలవని రాస్తున్నారు. మొదటివి ముఖ్యంగా ఆర్‌ఎన్‌ఏను నరుకుతాయి, 24 అక్షరాలవి డీఎన్‌ఏ మీద జన్యువును మూసి ఉంచే మిథైల్ ముద్రలు వేయిస్తాయి.

ఈ పట్టీని ఇవాళ చూడదలచినవారికి కొన్ని కొలతలు. ఒక్కో వెల్‌లో 20 నుంచి 30 మైక్రోగ్రాముల మొత్తం ఆర్‌ఎన్‌ఏ వేయాలి, 5 వేస్తే ఏమీ కనబడదు. 15 శాతం జెల్, 7 మోలార్ యూరియా. బ్రోమోఫినాల్ బ్లూ రంగు సుమారు 10 అక్షరాల ముక్కతో, గ్జైలీన్ సయనాల్ సుమారు 40 అక్షరాల ముక్కతో కలిసి నడుస్తాయి. కాబట్టి నీలం రంగు జెల్ అడుగుకు చేరగానే కరెంటు ఆపాలి. ‘ఇంకాస్త విడిపోనీ’ అని వదిలేస్తే కావలసింది పోతుంది. పొర మీదికి ఎక్కించాక అతినీలలోహిత కాంతికంటే ఈడీసీ రసాయనంతో అతికిస్తే పట్టీ ముదురుగా వస్తుంది. ప్రోబ్‌తో (వెతికే ఆర్‌ఎన్‌ఏకు జతగా అతుక్కునే గుర్తు ముక్కతో) కలిపి ఉంచే వేడి 40 డిగ్రీల దగ్గర ఉండాలి. పొడుగు జన్యువులకు అలవాటైన 65 డిగ్రీలు పెడితే ఇంత పొట్టి జత విడిపోతుంది. ఇంకో ఉచ్చు ఉంది: మొక్కల చిన్న ఆర్‌ఎన్‌ఏ చివరి చక్కెర మీద ఒక మిథైల్ గుంపు ఉంటుంది. జంతువుల మైక్రో ఆర్‌ఎన్‌ఏ కోసం చేసిన సీక్వెన్సింగ్ కిట్లలో చివరన అతికించే అంచె ఈ గుంపు వల్ల మందగిస్తుంది. ఫలితం తక్కువ వచ్చిందంటే మొక్కలో తక్కువ ఉందని కాదు, కిట్ మొక్కల కోసం చేసింది కాకపోవచ్చు.

ఇక వైరస్ వైపు నుంచి చూద్దాం. మొక్కకు ఇంత కాపలా ఉంటే వైరస్‌లు అసలు ఎలా బతుకుతున్నాయి? 1998లో దానికి జవాబు వచ్చింది. పొటాటో వైరస్ వై తయారుచేసే హెచ్‌సీ-ప్రో, దోస మొజాయిక్ వైరస్ 2బీ అనే ప్రొటీన్లు ఈ కాపలాను పడగొడతాయని అమెరికా బృందాలతో పాటు బాల్‌కోంబ్ బృందమూ చూపింది. టమాటకు సోకే మరో వైరస్ తయారుచేసే పీ19 అయితే 21 అక్షరాల జంటపోగును కొలబద్ద పట్టినట్టు రెండు కొసలా పట్టుకుని కదలనివ్వదు. రెండు వైరస్‌లు ఒకే మొక్కకు సోకితే తెగులు రెండింతలు కాక పదింతలైనట్టు కనిపించడానికి ఇదొక కారణం: ఒకటి కాపలాను పడగొడితే రెండోది దొడ్డిదారిన దూరుతుంది. పొటాటో వైరస్ ఎక్స్, వై కలిసినప్పుడు జరిగేది ఇదే. మన మిరప తోటల్లో ఒకే మొక్కకు తెల్లదోమ తెచ్చిన ఆకుముడత వైరస్, పేనుబంక తెచ్చిన మొజాయిక్ వైరస్ రెండూ సోకడం మామూలే. అలాంటి మొక్క మీద ఒక్క వైరస్‌కు గురిపెట్టిన ఆర్‌ఎన్‌ఏ కొట్టి ఫలితం ఆశించడం దండగ.

జెల్లీ చేప జన్యువు పెట్టిన మొక్కల మీద 1997లో బాల్‌కోంబ్ ప్రయోగశాలలోనే జరిగిన ఇంకో పనితో, ఈ కాపలా సంకేతం మొక్కలో ఎలా ప్రయాణిస్తుందో తేలింది. కింది ఆకుల్లోకి బ్యాక్టీరియా ద్వారా అదే జన్యువు ముక్కను ఎక్కిస్తే, ఆ తర్వాత కొన్ని వారాల్లో పై ఆకులు కూడా అతినీలలోహిత కాంతిలో పచ్చదనం పోయి ఎర్రగా కనబడ్డాయి. ఎరుపు ముందు ఈనెల వెంట మొదలై తర్వాత పక్కలకు పాకింది. సంకేతం ఆహారం మోసే నాళాల్లో, ముదురు ఆకు నుంచి లేత చిగురుకు పోతుంది. అయితే ఇది మొక్క తానే పెంచి పోషించే సంకేతం. ఆకు పైన చిలకరించిన ఆర్‌ఎన్‌ఏ అలా పోదు, దానిలో చాలా భాగం పైపొరనే దాటలేదు.

ఇంత తెలిశాక పిచికారీ లెక్క తేలిక. 2001లో స్పెయిన్‌లో జంటపోగు ఆర్‌ఎన్‌ఏను వైరస్‌తో పాటు ఆకు మీద రుద్దితే వైరస్ సోకలేదు. వైరస్ ముందే పాకిన మొక్కను మాత్రం ఇది నయం చేయదు. ఆకు మీది ఎంజైములు, ఎండ, వాన కలిసి ఒట్టి ఆర్‌ఎన్‌ఏను కొద్ది రోజుల్లోనే చెరిపేస్తాయి. 2017లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ బృందం దాన్ని పల్చని బంకమట్టి రేకుల మీద నిలిపి కొడితే రక్షణ ఒక్క పిచికారీతో 20 రోజుల దాకా సాగింది. ఇరవై రోజులంటే ఆరు నెలలు నిలిచే మిరపకు ఎన్నిసార్లు కొట్టాలో, మధ్యలో వచ్చిన కొత్త చిగురుకు ఎలా అందుతుందో రైతే లెక్క వేసుకోవచ్చు. ముక్క పొడవు కూడా చూడాలి. 300 అక్షరాల జంటపోగును మొక్క కత్తిరిస్తే సుమారు 14 ముక్కలు వస్తాయి. వైరస్ ఒకచోట మారినా మిగిలినవి పట్టుకుంటాయి. 21 అక్షరాల ఒకే ముక్క మీద ఆధారపడితే ఒక్క అక్షరం మార్పుతోనే వైరస్ తప్పించుకోవచ్చు.

అమెరికాలో 2023 డిసెంబరులో అనుమతి పొందిన లెడ్‌ప్రోనా పిచికారీని చాలామంది దీనికి ఉదాహరణగా చెబుతారు. అది వైరస్ మీద పనిచేసేది కాదు. బంగాళదుంప ఆకును కొరికి తినే కొలరాడో పెంకుపురుగు కడుపులోకి ఆకుతో పాటు వెళ్లి పనిచేస్తుంది. మన పంటల్లో వైరస్‌ను మోసే తెల్లదోమ, పేనుబంక ఆకు లోపలి రసం పీలుస్తాయి, పైపొర మీద ఉన్నదాన్ని తినవు. కాబట్టి ఆ విజయాన్ని ఇక్కడికి బదలాయించడం కుదరదు.

చివరగా మన నేల మీది ఒక ఉదాహరణ, ఇదే వాదానికి గట్టి సాక్ష్యం. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ ఎండిపోయింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. చూడగానే అందరూ అనుకున్నది పాత శత్రువు మొవ్వుకుళ్ళు వైరస్ అని. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరీక్షల్లో తేలింది వేరు: టొబాకో స్ట్రీక్ వైరస్. ఈ రెండింటికీ అక్షరాల్లో పోలికే లేదు, కుటుంబాలే వేరు. ఆనాడు మొవ్వుకుళ్ళు అన్న అంచనాతో ఆర్‌ఎన్‌ఏ పిచికారీ కూర్చి ఉంటే, అది మొదటి లీటరు నుంచి ఆఖరి లీటరు దాకా నీళ్ల కింద లెక్క. ప్రయోగశాలలో వైరస్ పేరు తేల్చకుండా ఏ ఆర్‌ఎన్‌ఏకూ గురి ఉండదు.

ఆ వైరస్ వ్యాపించే తీరు కూడా వేరే. అది గట్ల మీది వయ్యారిభామ మొక్కల్లో ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది. దాని పుప్పొడి ఒంటికి అంటుకున్న తామర పురుగులు వేరుశనగ ఆకును గీకినప్పుడు ఆ గాయం గుండా వైరస్ లోపలికి పోతుంది. అందుకే అక్కడ ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి ఇది: వయ్యారిభామను పూత రాకముందే, పొలంలోనే కాక గట్ల మీద, దారుల పక్కన, బీళ్లలో కూడా పీకేయాలి. కిలో విత్తనానికి 2 మిల్లీలీటర్ల ఇమిడాక్లోప్రిడ్ పట్టించి విత్తాలి. పొలం చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న గానీ సజ్జ గానీ ఒత్తుగా వేయాలి. పూత వచ్చాక పీకిన వయ్యారిభామను పొలం గట్టునే కుప్ప పోస్తే పుప్పొడి ఇంకా రాలుతూనే ఉంటుంది.

ఇట్లు,
మొక్కల వైరస్‌లపై పాఠాలు చెప్పే అధ్యాపకులు,
హైదరాబాద్